లెక్కలు చాటలోనే మొదలవుతాయి

ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు నాలుగేళ్ల బిడ్డను ముందు నిలబెట్టి "ఏదీ, ఒంట్లు చెప్పు" అని అడగడం మన ఇళ్లల్లో మామూలే. బిడ్డ గుక్క తిప్పుకోకుండా యాభై దాకా చెప్పేస్తే తల్లిదండ్రుల ముఖం వెలిగిపోతుంది. సంతోషించవలసిందే. ఆ తర్వాత అదే బిడ్డతో "గంపలోంచి ఐదు ఉల్లిగడ్డలు తెచ్చిపెట్టు" అని చెప్పి చూడండి. చాలామంది పిల్లలు చేతికి అందినన్ని తెచ్చి మన ముందు పోస్తారు. అవి మూడు కావచ్చు, ఏడు కావచ్చు. "ఇవి ఐదేనా?" అంటే అవుననే అంటారు.

దీనికి కంగారు పడనక్కరలేదు. ఆ వయసుకు అది సహజమే. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒంట్లు నోటికి రావడం వేరు, సంఖ్య అర్థం కావడం వేరు. మొదటిది పాట నేర్చుకోవడం లాంటిది. రెండవది చేతితో ముట్టుకొని, కళ్లతో పోల్చుకొని, మెల్లగా బుద్ధికి ఎక్కవలసిన విషయం.

ధర్మపురి చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలను ఎత్తుకొని వచ్చే తల్లులు, నానమ్మలు, అమ్మమ్మలు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మాకు చదువు రాదు. బిడ్డకు లెక్కలు ఎట్ల నేర్పాలె?" ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసమే. మా జవాబు ఇది: బడికి పోకముందు బిడ్డ నేర్చుకోవలసిన లెక్కలకు పలక అక్కరలేదు, పుస్తకం అక్కరలేదు. ఇంట్లో ఉన్న చాట, గంప, ఉతికిన బట్టల కుప్ప చాలు. పక్కన కూర్చొని మాట్లాడే మనిషి ఒకరుంటే చాలు.

వేరు చేయడమే మొదటి లెక్క

చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతున్న నానమ్మ ఏమి చేస్తోంది? ప్రతి గింజను చూసి 'ఇది ఉండవలసినది, ఇది తీసివేయవలసినది' అని తేల్చుకొంటోంది. లెక్కలకు పునాది ఈ పనే. వస్తువులను పోలికను బట్టి ఒకచోట చేర్చడం, తేడాను బట్టి విడదీయడం.

ఎందుకో చూడండి. మూడు మామిడికాయలు, మూడు మేకపిల్లలు, మూడు చప్పట్లు. వీటి రంగు ఒకటి కాదు, రూపం ఒకటి కాదు. చప్పట్లకైతే అసలు రూపమే లేదు. అయినా మూడింటిలోనూ 'మూడు' అనేది ఒక్కటే. మిగతా తేడాలన్నీ పక్కనపెట్టి ఆ ఒక్క పోలికను పట్టుకొంటేనే సంఖ్య తెలుస్తుంది. ఎర్ర గాజు, ఎర్ర మిరపకాయ, ఎర్ర అంగీ ఒక కుప్పలో పెట్టే బిడ్డ సరిగ్గా ఇదే నేర్చుకొంటోంది. పైగా 'మేకలు ఎన్ని?' అని లెక్కపెట్టాలంటే ముందు ఏవి మేకలో, ఏవి గొర్రెలో తెలియాలి కదా. ఏరడం వచ్చాకే ఎంచడం.

పిల్లల బుద్ధి ఎలా పెరుగుతుందో జీవితమంతా పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే దీనికి కొన్ని తేలిక పరీక్షలు చూపించారు. మీరూ ఇంట్లో చేసి చూడవచ్చు. ఐదు గింజలు ఒక వరుసలో, ఐదు గింజలు దాని కింద మరో వరుసలో సమానంగా పేర్చండి. రెండూ సమానమని బిడ్డ ఒప్పుకొంటుంది. ఇప్పుడు బిడ్డ చూస్తుండగానే కింది వరుసను దూరం దూరంగా జరపండి. "ఇప్పుడు ఏ వరుసలో ఎక్కువున్నాయి?" అంటే నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామంది పొడుగు వరుసనే చూపిస్తారు. రెండవ పరీక్ష పూలతో. ఏడు బంతిపూలు, మూడు చామంతిపూలు పెట్టి "బంతిపూలు ఎక్కువా, పూలు ఎక్కువా?" అని అడగండి. చిన్నపిల్లలు "బంతిపూలే" అంటారు. బంతిపువ్వు బంతిపువ్వుగా ఉంటూనే పూలన్నిటిలో ఒకటిగా కూడా ఉంటుందని వారి బుద్ధికి ఇంకా తట్టదు. తిట్టి నేర్పితే వచ్చేది కాదు ఇది. పూలు వేరుచేస్తూ, కలుపుతూ, మళ్లీ వేరుచేస్తూ ఆడగా ఆడగా వస్తుంది.

చేతితో ముట్టుకొని నేర్చుకోవడమే చిన్నపిల్లల దారి అని చెప్పి, దానికి తగిన ఆటవస్తువులు తయారుచేయించిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చారు. యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. రంగు బిళ్లలను జత చేయడం, చెక్క దిమ్మెలను పెద్ద నుంచి చిన్న దాకా పేర్చడం ఆమె పద్ధతిలో లెక్కలకు ముందుమెట్టు. ఆ సామాను ఖరీదైనది. మన ఇళ్లలో ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే గిన్నెలు కూడా ఆ పనే చేస్తాయి.

ఈ వయసులో ఇంత శ్రద్ధ ఎందుకు అని కొందరు అడగవచ్చు. అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలలో పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన ఆరు అధ్యయనాలను గ్రెగ్ డంకన్, ఆయన సహచరులు కలిపి పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. బడిలో చేరేనాటికి సంఖ్యల అవగాహన బాగున్న పిల్లలు తర్వాతి తరగతుల్లో లెక్కల్లోనే కాక చదవడంలో కూడా ముందున్నారు. పునాది ఇంటి దగ్గరే పడుతుందన్న మాట.

ఏ వయసులో ఏమి ఆశించాలి?

పిల్లలందరూ ఒకే వేగంతో నడవరు. కింద చెప్పినవి సుమారు లెక్కలే.

ఏడాదిన్నర నుంచి రెండేళ్లు: ఒకేలాంటి వస్తువులను ఒకచోట పెట్టడం మొదలవుతుంది. రెండు గిలాసలు కనబడితే దగ్గరికి చేరుస్తుంది.

రెండు నుంచి మూడేళ్లు: రంగుకు రంగు జత చేస్తుంది. పేరు అడిగితే తప్పు చెప్పవచ్చు. 'ఎరుపు' అనే మాట రాకముందే ఎర్రవాటిని ఏరడం వస్తుంది. కనుక "ఇది ఏం రంగు?" అని నిలదీయకండి. "దీనిలాంటిది ఇంకొకటి తే" అనండి.

మూడు నుంచి నాలుగేళ్లు: ఒక పోలికను పట్టుకొని కుప్పలు వేరుచేస్తుంది. రంగును బట్టి, లేదా సైజును బట్టి. 'ఒకటి ఇవ్వు', 'రెండు ఇవ్వు' అంటే సరిగా ఇస్తుంది. 'ఒకటి' అర్థమైన కొన్ని నెలలకు 'రెండు', మరికొన్ని నెలలకు 'మూడు' అర్థమవుతాయి.

నాలుగు నుంచి ఐదేళ్లు: లెక్కపెట్టినప్పుడు చివర పలికిన మాటే 'మొత్తం ఎన్ని' అనేదానికి జవాబు అని తెలుస్తుంది. చిన్న మెట్టులా కనిపించినా, సంఖ్య నిజంగా అర్థమైంది ఇక్కడే.

ఐదు నుంచి ఆరేళ్లు: రెండు పోలికలు కలిపి చూడగలుగుతుంది. "పెద్దవి, పచ్చవి మాత్రమే తీయి" అంటే తీస్తుంది. ఒకసారి రంగును బట్టి వేరుచేసిన కుప్పను కలిపేసి, మళ్లీ సైజును బట్టి వేరుచేస్తుంది.

ఇంట్లో ఆడించదగిన ఆటలు

బట్టల కుప్ప: ఉతికి ఆరేసిన బట్టలు మడతపెట్టేటప్పుడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. "బాపు అంగీలు ఇటు, నీ లాగులు అటు" అని చెప్పండి. కాళ్లజోళ్లు జత చేయించండి. జత చేయగా ఒకటి మిగిలితే "దీని జోడు ఏది?" అని వెతికించండి.

చాట: మక్కలు, బొబ్బర్లు, శనగలు కలిపి చాటలో పోసి మూడు గిన్నెల్లోకి ఏరించండి. ఈ ఆట మూడేళ్లు నిండిన పిల్లలకే, అదీ మీ కళ్లముందే. కారణం కింద చెబుతాము.

మామిడికాయలు: మన జగిత్యాల ప్రాంతమంతా మామిడి తోటలే. ఎండకాలంలో పది కాయలు ముందుపెట్టి పెద్దవి, చిన్నవి వేరు చేయించండి. తర్వాత చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరుసగా పేర్పించండి. ఏది బరువో రెండు చేతుల్లో పట్టుకొని చెప్పమనండి.

పసుపు: పసుపు పండించే ఇళ్లలో కొమ్ములను ఒకవైపు, గుండ్రటి దుంపలను ఒకవైపు వేరుచేయడం పెద్దల పనే. ఒక దోసెడు బిడ్డ ముందు కూడా పోయండి. ఆకారాన్ని బట్టి వేరుచేయడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

పూలు: దసరాకు ముందు మన వాకిళ్లలో తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు కుప్పలు పడతాయి. బతుకమ్మ పేర్చే ఇల్లైనా కాకపోయినా పూలు ఏరడమంటే పిల్లలందరికీ ఇష్టమే. ఒక వరుస పచ్చవి, ఒక వరుస తెల్లవి, మళ్లీ పచ్చవి పేర్చి "ఇప్పుడు ఏది రావాలె?" అని అడగండి. వరుస క్రమాన్ని పట్టుకోవడం కూడా లెక్కల్లో భాగమే.

అన్నం తలెలు: "ఇంట్లో ఎందరమున్నామో చూసి, ఒక్కొక్కరికి ఒక్కో తలె పెట్టు" అని చెప్పండి. మనిషికి ఒకటి, తలెకు ఒక గిలాస. ఇలా ఒకదానికి ఒకటి జతపరచడం వస్తే లెక్కపెట్టడం దానంతట అదే దారిలో పడుతుంది.

ఒక వస్తువుకు ఒక మాట

పిల్లలు ఎలా లెక్కపెడతారో రోషెల్ గెల్మన్, సి.ఆర్. గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో ఒక పుస్తకంలో వివరించారు. వారు చెప్పిన సూత్రాల్లో ముఖ్యమైనవి మూడు. ఒక వస్తువుకు ఒకే అంకె మాట పలకాలి. ఆ మాటల వరుస మారకూడదు. చివరి మాటే మొత్తం.

మన పెద్దవారు వడ్లు కొలిచేటప్పుడు ఈ మూడూ పాటిస్తారు. 'ఒకటి' అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ ఒక్కో కొలతకు ఒక్కో మాట గట్టిగా పలుకుతారు. తొందరపడి ఒక కొలతకు రెండు మాటలు అనరు. మీ బిడ్డ లెక్కపెట్టేటప్పుడు వేలు ఒకచోట, మాట ఒకచోట పోతుంటే బిడ్డ చేయి పట్టుకోండి. వస్తువును ఇటు నుంచి అటు జరుపుతూ ఒక్కో మాట అనిపించండి. జరిపినది లెక్కయిపోయింది, జరపనిది మిగిలింది. ఇంతే కిటుకు.

మన భాష కూడా పిల్లలకు సాయం చేస్తుంది. ఇరవై దాటాక తెలుగు అంకెలు తేటగా ఉంటాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై మూడు. పదులెన్నో, ఒకట్లెన్నో మాటలోనే వినబడుతుంది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా మాత్రం మాటలు కొంచెం కలిసిపోయాయి, అక్కడ పిల్లలు తడబడడం సహజం. ఇంగ్లీషు మీడియం బడిలో వేసినా ఇంట్లో తెలుగులో లెక్కపెట్టించడం మానకండి. తెలుగులో అర్థమైన ఐదు ఇంగ్లీషులోనూ ఐదే.

ఆట నుంచి అంకెకు

ఆటలు మాత్రమే చాలవు. ఢిల్లీలో సుమారు ఐదేళ్ల వయసున్న 1,500 మందికి పైగా పిల్లలతో పరిశోధకులు సంఖ్యలు, ఆకారాల ఆటలు ఆడించి 2017లో ఫలితాలు ప్రకటించారు. చూడగానే ఎక్కువ తక్కువలు పసిగట్టే శక్తి ఆ పిల్లల్లో పెరిగింది. ఏడాది దాటినా అది నిలిచింది. కానీ బడిలో నేర్పే లెక్కల్లో మాత్రం ఆ లాభం నిలకడగా కనబడలేదు. దీని నుంచి మనం తీసుకోవలసిన పాఠం ఏమిటంటే, ఆటను మాటతోనూ, ఆ మాటను రాసే అంకెతోనూ కలపాలి. నాలుగు బొబ్బర్లు పెట్టండి, 'నాలుగు' అనండి, నేలమీద ముగ్గుపిండితో 4 వేసి చూపించండి. అంకె రాయడం తెలియని నానమ్మకు గోడమీది క్యాలెండరే పలక. "ఇయ్యాల తారీఖు ఎక్కడుంది? చూపియ్యి" అంటే చాలు.

ఇక మూడేళ్ల బిడ్డ చేత పేజీల కొద్దీ 1, 2, 3లు దిద్దించడం గురించి. ఆ వయసుకు వేళ్ల కండరాలు పెన్సిల్‌కు ఇంకా సిద్ధం కావు. గింజలు ఏరడం, పిండి పిసకడం, పూలు గుచ్చడం ఆ వేళ్లను సిద్ధం చేస్తాయి. రాత అప్పుడు తేలికగా వస్తుంది.

ఫోనులో అంకెల పాటలు పెట్టి కూర్చోబెట్టడం కూడా నేర్పడం కాదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. అయితే గల్ఫ్‌లో ఉన్న తండ్రితో వీడియోలో మాట్లాడడం వేరు, అది మనిషితో మాటే. మన ప్రాంతంలో అటువంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ తండ్రులకు మా మనవి: ఫోనులో "బాగున్నవా" తర్వాత రెండు నిమిషాలు బిడ్డతో ఆడండి. మూడు వేళ్లు చూపి "గిన్ని గింజలు తే" అనండి. దూరాన ఉండి కూడా బిడ్డ చదువులో పాలుపంచుకోవచ్చు.

బీడీలు చుట్టే తల్లులకు ఒక మాట

కట్టకు 25 చొప్పున 40 కట్టలు కట్టి వెయ్యి లెక్క అప్పజెప్పే తల్లికి లెక్కలు రావని ఎవరూ అనలేరు. తునికాకును 50 ఆకుల కట్టలుగా కట్టే చేతులూ లెక్క తెలిసిన చేతులే. మీకు తెలిసినదే బిడ్డకు నేర్పండి, కాని పొగాకుతోనూ, బీడీలతోనూ వద్దు. పొగాకు పొడి పిల్లల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అంటిన చేతిని నోట్లో పెట్టుకొంటే విషం లోపలికి పోతుంది. చేట పక్కన కాకుండా కొంచెం దూరంగా బిడ్డను కూర్చోబెట్టి, చెరిగిన గుడ్డముక్కలో, మూతలో ఒక గంపలో వేసి ఇవ్వండి. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కొని బిడ్డను ముట్టుకోండి.

ఆటలో జాగ్రత్తలు

చిన్నపిల్లలు దేన్నైనా ముందు నోట్లో పెట్టుకొని చూస్తారు. అందుకే:

మూడేళ్ల లోపు బిడ్డకు శనగలు, చింతగింజలు, పూసలు, గుండీలు ఇవ్వకండి. ఉల్లిగడ్డలు, గిన్నెలు, బట్టలు, పెద్ద మూతలు ఇవ్వండి. ఐదేళ్ల దాకా గింజల ఆట పెద్దల ఎదుటే ఆడాలి. ఆట కాగానే గింజలు లెక్కపెట్టి డబ్బాలో పోయండి. అదీ ఒక లెక్కే.

విత్తనం కోసం తెచ్చిన మక్కలు, పత్తి గింజలు రంగురంగులుగా ఉండి పిల్లలను ఆకర్షిస్తాయి. ఆ రంగుతో పాటు మందు పట్టించి ఉంటుంది. వాటితో ఎప్పుడూ ఆడనివ్వకండి.

బొమ్మల్లో, రిమోటుల్లో ఉండే గుండీ లాంటి చిన్న బ్యాటరీని బిడ్డ మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

చెవిలో గింజ పడితే నీళ్లు పోయకండి, గింజ ఉబ్బుతుంది. ముక్కులో ఇరుక్కొంటే పుల్లతో పొడవకండి. రెంటికీ డాక్టరు దగ్గరకే రావాలి.

గొంతులో అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, ఊపిరాడకపోతే తల కిందికి వంచి రెండు భుజాల మధ్య వీపుమీద అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకండి. మరొకరి చేత 108కి ఫోను చేయించండి. దగ్గు తగ్గినా ఒకసారి చూపించండి, గింజ ఊపిరితిత్తిలోకి జారి ఉండవచ్చు.

గులకరాళ్ల కోసం పిల్లలను ఒంటరిగా గోదావరి ఒడ్డుకు పంపకండి. రాళ్లు మీరే తెచ్చి, కడిగి ఇవ్వండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఏరడంలో తప్పులు చేయడం జబ్బు కాదు. అయితే పిలిస్తే పలకకపోవడం, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, వస్తువులను మరీ కళ్ల దగ్గర పెట్టుకొని చూడడం వంటివి ఉంటే వినికిడి, చూపు, ఎదుగుదల పరీక్షించాలి. నాలుగైదేళ్లు వచ్చినా ఎరుపు, ఆకుపచ్చ ఎప్పుడూ కలిపేస్తుంటే రంగులు గుర్తించడంలో లోపం ఉందేమో చూడాలి. ఇది మగపిల్లల్లో ఎక్కువ. దాన్ని మొద్దుతనంగా భావించి కొట్టకండి. రక్తహీనత ఉన్న బిడ్డ కూడా మందకొడిగా, దేనిమీదా ధ్యాస లేకుండా ఉంటుంది. ఆకుకూరలు, పప్పు, గుడ్డు పెట్టండి, రక్తం పరీక్ష చేయించండి. 2013లో మొదలైన జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పిల్లలను ఉచితంగా పరీక్షిస్తారు. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి.

అంగన్‌వాడీ, బడి

1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీ పథకంలో గుడ్డు, పాలతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటల చదువు కూడా ఉంది. 'పోషణతో పాటు చదువు' అనే ఉద్దేశంతో 2023లో అంగన్‌వాడీ టీచర్లకు ప్రత్యేక శిక్షణ మొదలైంది. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, మౌలిక లెక్కలు రావాలని కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న 'నిపుణ్ భారత్' ప్రారంభించింది. మన రాష్ట్ర సర్కారు బడుల్లో 2022లో 'తొలిమెట్టు' వచ్చింది. ఇవన్నీ మంచివే. బిడ్డను తిండి కోసమే కాకుండా ఆట కోసం కూడా రోజూ అంగన్‌వాడీకి పంపండి. "ఇయ్యాల ఏం ఆడినవు?" అని సాయంత్రం అడగండి.

కానీ ఏ పథకమైనా రోజుకు కొన్ని గంటలే బిడ్డ దగ్గర ఉంటుంది. మిగిలిన పొద్దంతా బిడ్డ మీ కొంగు పట్టుకొని తిరుగుతూనే ఉంటుంది. ఉల్లిగడ్డలు కోసేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు, బియ్యం ఏరేటప్పుడు ఒక్క పిడికెడు పని బిడ్డకూ ఇవ్వండి. తప్పుచేస్తే "కాదు" అనకుండా "ఇది ఇక్కడెందుకు పెట్టినవు?" అని అడిగి వినండి. బిడ్డ చెప్పే కారణం ఒక్కోసారి మన లెక్కకంటే బాగుంటుంది. ఈ వారం పది రోజులు ఇందులో ఒక్క ఆటైనా ఆడించి చూడండి. మళ్లీ టీకాలకో, బరువు తూకానికో వచ్చినప్పుడు ఏ ఆట ఆడించారో మాతో చెప్పండి.